చాంద్‌నీ అసలు పేరు

మా ఇంటికొచ్చిన ఒక మెహమాన్ అసలు పేరేమిటో మాకు ఏడు నెలలు తెలియలేదు. తెలియకపోతే ఏం పోయింది, పిలుచుకోవడానికి ముద్దుపేరు ఉంది కదా అనుకున్నాం. ఆ బేఫికర్ వల్ల ఎంత నుక్సాన్ జరగబోయిందో, ఎవరి అమానత్‌కు నేను ఖయానత్ చేయబోయానో తలుచుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది. ఆ కిస్సా ఇది.

మా మైకా విశాఖపట్నం. సముద్రం ఒడ్డున పుట్టి పెరిగినా నాకు చేప అంటే పులుసు, వేపుడు, అంతే. మా తమ్ముడు అలా కాదు. చిన్నప్పుడు రాళ్ల మధ్య నిలిచిన నీటి గుంటల్లో చేతులు పెట్టి పీతల్నీ చేపపిల్లల్నీ చూస్తూ కూర్చునేవాడు. అమ్మీ జుహర్‌కు పిలిస్తే అస్ర్‌కు ఇంటికి వచ్చేవాడు. పెద్దయ్యాక హైదరాబాద్‌లో నౌకరీ దొరికింది, సముద్రం దూరమైంది. దాంతో సముద్రాన్నే ఇంట్లోకి తెచ్చుకున్నాడు. నాలుగు అడుగుల గాజు ట్యాంకు, సుమారు 250 లీటర్ల ఉప్పునీళ్లు, రాళ్లు, ఒక జత క్లౌన్ చేపలు, మెత్తని పగడాలు. ఆ పగడాలంటే వాడికి ప్రాణం. ఒక దోస్తు ట్యాంకులోంచి చిటికెనవేలంత పిలకలు తెచ్చి పెట్టుకుంటే, నాలుగేళ్లలో అవి అరచేయంత విచ్చుకున్నాయి. పుట్టగొడుగు ఆకారంలో ఉండే లెదర్ కోరల్ ఒకటి, గుప్పిట తెరిచి మూసినట్టు ఆడుతూ ఉండే జేనియా గుత్తి ఒకటి.

తర్వాత వాడికి జెద్దాలో ఉద్యోగం వచ్చింది. వెళ్లే ముందు ట్యాంకును మెహదీపట్నంలోని మా ఇంటికి చేర్చాడు. "ఆపా, దీన్ని ఎవరికైనా అమ్మితే డబ్బులొస్తాయి. కానీ అమ్మను. నీ దగ్గర అమానత్‌గా పెట్టి వెళ్తున్నా" అన్నాడు. అమానత్ అన్న మాట విన్నాక కాదని ఎలా అంటాను?

ఒక నోటుబుక్కు కూడా ఇచ్చి వెళ్లాడు. ఆర్‌ఓ నీళ్లలో ఉప్పు ఎంత కలపాలి, సాంద్రత 1.025 దగ్గర ఎలా ఉంచాలి, వేడి 26 డిగ్రీలు దాటకుండా ఎలా చూడాలి, వారానికి పదో వంతు నీళ్లు ఎలా మార్చాలి, కరెంటు పోతే ముందు ఏ ప్లగ్గు ఇన్వర్టర్‌కు పెట్టాలి, అన్నీ రాశాడు. చివరి పేజీలో ఒకే ఒక్క వాక్యం: "ఏం చేయాలో తెలియనప్పుడు ఏమీ చేయకు. నాకు ఫోన్ చెయ్."

ఆ సంవత్సరం ఈద్ తర్వాత మా అమ్మాయి ఈదీ డబ్బులు లెక్కపెట్టుకుంది. దానికి పదకొండేళ్లు. గాజులు కొనుక్కుంటుందేమో అనుకున్నాను. "మామూ ట్యాంకులోకి ఒక చేప కొంటా" అంది. సరే అని దుకాణానికి తీసుకెళ్లాను. అక్కడ ఒక మూల చిన్న గాజు అరలో, ఒంటరిగా, రెండు వేళ్ల వెడల్పు కూడా లేని ఒక పిల్ల చేప. ఒళ్లంతా వెండిలా తెల్లగా ఉంది. ముక్కు దగ్గర మొదలై నుదురు మీదుగా, వీపు మీదుగా తోక దాకా నిమ్మపండు రంగు గీత. గొంతు కింది రెక్కలు మాత్రం నీలంగా, ఎవరో సూట్ వేసి బో కట్టినట్టు ఉన్నాయి.

"ఇదేం చేప?" అని అడిగాను.

"డామ్సెల్ మేడమ్. గట్టి రకం. ఊరికే చావదు" అన్నాడు దుకాణదారు.

చావదు అన్నది ఒక తారీఫ్ అని ఆరోజే తెలిసింది. కొత్త ట్యాంకులో నీళ్లు ఇంకా కుదురుకోక ముందు, అమ్మోనియా విషం ఎక్కువగా ఉండే రోజుల్లో, ముందుగా వీటినే వేసి చూస్తారట. బతికితే నీళ్లు బాగున్నట్టు. గట్టివాళ్లను ఎక్కడైనా ముందు వరసలోనే నిలబెడతారు కదా.

నాలుగు వందలు ఇచ్చి తెచ్చుకున్నాం. అమ్మాయి దానికి చాంద్‌నీ అని పేరు పెట్టింది. వెన్నెలలాగే ఉండేది మరి. మగ్రిబ్ తర్వాత హాల్లో దీపాలు తగ్గించి ట్యాంకు దీపం ఒక్కటే ఉంచితే, ఆ తెల్లని ఒళ్లు రాళ్ల మధ్య మిలమిలా తిరిగేది. మా సాస్ కూడా తస్బీహ్ పట్టుకుని ట్యాంకు ముందు కుర్చీ వేసుకునేది. "మాషాఅల్లాహ్, కైసీ గోరీ హై" అనేది.

పేరు మాకూ కావాల్సి వచ్చింది. ఏం తింటుందో తెలియాలంటే పేరు కావాలి. అమ్మాయీ నేనూ ఫోన్లో తస్వీరులు వెతికాం. తెల్లగా, చిన్నగా ఉన్న చేపలన్నీ చూసి, ఇది క్రోమిస్ అయి ఉంటుందని ఖరారు చేసేశాం. క్రోమిస్ అంటే డామ్సెల్ ఖాందాన్‌లో శరీఫ్ రకం. గుంపుగా తిరుగుతాయి, నీళ్లలో తేలే సన్నని జీవుల్ని తింటాయి, పక్కవాళ్ల జోలికి పోవు. మాకు కావాల్సింది అలాంటిదే, అందుకే అదే అనుకున్నాం.

ఇప్పుడు ఆలోచిస్తే ప్రతి సబూత్ మా కళ్ల ముందే ఉంది. క్రోమిస్ ఒళ్లు కాస్త సన్నగా, ఈతకు తగ్గట్టు ఉంటుంది, తోక కత్తెరలా చీలి ఉంటుంది. మా చాంద్‌నీ ఒళ్లు ఎత్తుగా, బిళ్లలా ఉంది. క్రోమిస్ నడి నీళ్లలో తిరుగుతుంది. చాంద్‌నీ రాయి వదిలి వచ్చేది కాదు. అన్నీ చూశాం. ఒక్కటీ గమనించలేదు. రంగు దగ్గరే మా చూపు ఆగిపోయింది.

నాలుగైదు నెలలు గడిచాయి. చాంద్‌నీ రెట్టింపయింది. ఒకరోజు దాని తెలుపు మీద పొగ పట్టినట్టు కనిపించింది. దీపం పాతబడిందేమో అనుకున్నాం. ఇంకో నెలకు పొట్ట బూడిద రంగు. వీపు మీది పసుపు వెలిసిపోయిన దుపట్టాలా మాసింది. ఏడో నెలకు ఒళ్లంతా మసి. నీలం ఒక్కటే మిగిలింది, అదీ గొంతు కింద మాత్రమే.

మా సాస్ తస్బీహ్ ఆపి చూసి, "అరే, కైసీ గోరీ థీ, కాలీ పడ్‌గయీ" అంది.

ఆ మాట నేను అంతకు ముందూ విన్నాను. మా అమ్మాయి గురించి. పుట్టినప్పుడు అది పాలమీగడలా ఉండేది. సైకిల్ తొక్కి, ఎండలో ఆడి, ఇప్పుడు చామనఛాయ. ఏ దావత్‌కు వెళ్లినా ఎవరో ఒక ఖాలా, ఎవరో ఒక ఫుప్పు అదే మాట అంటారు, చిన్నప్పుడు ఎంత తెల్లగా ఉండేదో అని. అంటూ నా వైపు జాలిగా చూస్తారు, నేనేదో సరిగా దాచుకోలేకపోయినట్టు. మా సాస్ మనవరాలి మీద ప్రాణం పెడుతుంది, ఆమె నోటా అదే మాట. ఆ రోజు ట్యాంకు ముందు ఆమె చేప గురించే అన్నా, పక్కన నిలబడ్డ అమ్మాయి మెల్లగా చేయి వెనక్కి పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. నేను చూశాను.

రాత్రి పడుకునే ముందు అడిగింది. "అమ్మీ, చాంద్‌నీకి జబ్బు చేసిందా? లేక దాని అసలు రంగే అదా?"

నా దగ్గర జవాబు లేదు. జబ్బే అనుకున్నాను. దుకాణానికి ఫోన్ చేస్తే, ఒళ్లు మీద మచ్చలు, పొర లాంటివి వస్తే రాగి మందు వేస్తారని చెప్పారు. మరునాడే సీసా తెచ్చాను. మూత తీసి, ఎన్ని చుక్కలో లెక్క చూస్తున్నాను. నోటుబుక్కు చివరి పేజీ గుర్తొచ్చింది. జెద్దాకు ఫోన్ చేశాను.

"ఆపా, వేశావా?" అన్నాడు తమ్ముడు. గొంతు మారిపోయింది.

"ఇంకా లేదు."

"మూత పెట్టెయ్. చేపలు రాగిని కొంత ఓర్చుకుంటాయి. పగడాలు ఓర్చుకోవు, రొయ్యలు, నత్తలు ఏవీ ఓర్చుకోవు. రాళ్లూ ఇసుకా కూడా రాగిని పీల్చుకుంటాయి. ఒకసారి పడ్డాక దాన్ని పూర్తిగా తీసేయడం చాలా కష్టం."

సీసా మూత బిగించి చేతులు కడుక్కున్నాను. వణుకు తగ్గడానికి కాసేపు పట్టింది. నాలుగేళ్లు పెంచిన పగడాలు, నా చేతిలో ఉన్న పది చుక్కలు. మధ్యలో అడ్డుగా నిలిచింది ఒక వాక్యం మాత్రమే.

"ముందు అదేం చేపో తెలుసుకో. తర్వాత జబ్బు సంగతి చూద్దాం. రంగు వదిలెయ్. రంగు మీద గవాహీ తీసుకోకు" అన్నాడు తమ్ముడు.

అలా మొదలైంది మా తహ్ఖీక్. అమ్మాయే మున్షీ. ప్రతి జుమ్మా రోజు, ట్యాంకు గాజుకు అటువైపు తెల్ల కాగితం అంటించి, దాని మీద స్కేలు గీతలు గీసి, చేప అటుగా వచ్చినప్పుడు ఫోటో తీసేవాళ్లం. వందలో రెండు మూడు పనికొచ్చేవి. వాటిని పెద్దవి చేసి చూసేవాళ్లం.

మొదటి సవాలు: ఇది నిజంగా డామ్సెలేనా? దుకాణదారు మాట వదిలేసి మళ్లీ మొదటి నుంచి చూశాం. తమ్ముడు రెండు గుర్తులు చెప్పాడు. ఒకటి ముక్కు. చాలా చేపలకు ముఖానికి ఒక్కో వైపు రెండేసి ముక్కు రంధ్రాలుంటాయి. డామ్సెల్ ఖాందాన్‌లో ఎక్కువ వాటికి ఒక్కో వైపు ఒక్కటే. రెండోది కడుపు వెనక కింది రెక్క. దాని ముందు భాగంలో ముళ్లు రెండే ఉంటాయి. చూడ్డానికి వీటి చుట్టాల్లా కనిపించే సీతాకోక చేపలకూ ఏంజెల్ చేపలకూ మూడు, కొన్నిటికి ఇంకా ఎక్కువ. మా ఫోటోల్లో ముక్కు రంధ్రం ఒక్కటే. ముళ్లు రెండు. ఖాందాన్ తేలిపోయింది.

ఆ ఖాందాన్ చిన్నదేం కాదు. లోకంలో నాలుగు వందలకు పైగా రకాలు. మా ట్యాంకులోని నారింజ రంగు క్లౌన్ చేపలూ ఇదే ఖాందాన్ అని తెలిసి అమ్మాయి హైరాన్ అయింది. "అయితే వాళ్లు చాంద్‌నీకి కజిన్సా?" అంది. అవును. ఒకే ఇంట్లో ఉంటూ రోజూ కొట్టుకునే కజిన్స్.

రెండో సవాలు: ఖాందాన్‌లో ఏ ఇల్లు? వీపు రెక్క ముళ్లు లెక్కపెట్టాం, పదమూడు వచ్చాయి. సంబరపడ్డాం. తీరా చూస్తే పొమాసెంట్రస్ అనే ఇంట్లోనూ ఎక్కువగా పదమూడే, క్రిసిప్టెరా అనే ఇంట్లోనూ పదమూడే. ముళ్లు ఖాందాన్ చెబుతాయి గానీ అన్నదమ్ముల్ని విడదీయవు. అప్పుడు చెంప చూశాం. పొమాసెంట్రస్ చేపల చెంప మీది ఎముక అంచు చిన్న రంపంలా పళ్లు పళ్లుగా ఉంటుంది. మా దాని అంచు నున్నగా ఉంది. ఒక ఇల్లు కొట్టేశాం. క్రిసిప్టెరాలు సాధారణంగా చిన్నవి, సన్నపాటివి. మా చాంద్‌నీ ఇంకా పెరుగుతూనే ఉంది, ఎత్తుగా, బలంగా. ఆ ఇల్లూ అనుమానమే.

మూడో సవాలుకు గుర్తు ఒంటి మీద దొరకలేదు, అలవాటులో దొరికింది. ఒక ఫజర్ తర్వాత, దీపం వేయకముందే, అమ్మాయి నన్ను చేయి పట్టుకుని లాక్కెళ్లింది. చాంద్‌నీ లెదర్ కోరల్ అంచు దగ్గర నిలబడి ఉంది. చిన్నగా ఒక కొరుకు. వెనక్కి. మళ్లీ ఒక కొరుకు. పగడం ముడుచుకుపోయి ఉంది. వారం రోజులుగా అది విచ్చుకోకపోతే నీళ్ల తప్పనుకుని రెండుసార్లు నీళ్లు మార్చాను నేను. జేనియా గుత్తిలో సగం ఎప్పుడు పోయిందో మాకు తెలియనే లేదు.

తమ్ముడికి చెప్పక తప్పలేదు. ఎంతసేపు ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చున్నానో. చివరికి చెప్పాను, చేప మేమే తెచ్చామనీ, నీ పగడాల్ని అదే తింటోందనీ. వాడు కాసేపు ఖామోష్. తర్వాత, "ఆపా, పెద్దయ్యే కొద్దీ నల్లబడుతుంది, మెత్తని పగడాలు తింటుంది. ఆగు, ఒకటి పంపిస్తా" అన్నాడు.

వాడితో పనిచేసే ఒకాయన సెలవు రోజుల్లో ఎర్ర సముద్రంలో డైవింగ్ చేస్తాడు. ఆయన తీసిన ఫోటోల్లోంచి ఒకటి వచ్చింది. నీలి నీళ్లు, పగడపు గుట్ట, దాని ముందు ఒంటరిగా ఒక చేప. అరచేతికి మించి ఉంటుంది. నఖశిఖ పర్యంతం నలుపు. వెనకే ఇంకో ఫోటో, అదే సముద్రంలో తీసిన పిల్ల చేప. తెల్లని ఒళ్లు, వీపు మీద నిమ్మపండు రంగు గీత, గొంతు కింద నీలం బో.

చాంద్‌నీ. రెండూ చాంద్‌నీయే.

దాని కితాబీ పేరు నియోగ్లిఫిడోడాన్ మెలాస్. ఎర్ర సముద్రం, తూర్పు ఆఫ్రికా తీరం నుంచి పసిఫిక్ దీవుల దాకా పగడపు గుట్టల దగ్గర బతుకుతుంది. దాదాపు 18 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. చిన్నప్పుడు తెలుపు, పసుపు, నీలం. పెద్దయ్యాక నలుపు. మెత్తని పగడాలు దాని రిజ్‌ఖ్.

ఆ పొడుగు పేరు చూసి అమ్మాయి మొహం చిట్లించింది. నేను నేర్పాను. మన ఆంధ్రా, తెలంగాణ వాళ్లకు ఇది సులువు. మన దగ్గర ఇంటిపేరు ముందు, పెట్టిన పేరు తర్వాత. మనలో షేక్, పఠాన్, సయ్యద్ ముందు వచ్చినట్టే. చేపల కితాబీ పేర్లూ అంతే, నియోగ్లిఫిడోడాన్ ఇంటిపేరు, మెలాస్ పెట్టిన పేరు. పెట్టిన పేరు 1830 నాటిది. ఫ్రాన్స్‌కు చెందిన క్యూవియే పెట్టాడు. ఇంటిపేరు మాత్రం కొత్తది. డామ్సెల్‌ల మీద ఉమ్రంతా గడిపిన జెరాల్డ్ అలెన్ 1991లో ఈ ఇంటిని వేరు చేసి ఆ పేరు ఇచ్చాడు. ఇంటిపేరు మారినా మెలాస్ మారలేదు.

"మెలాస్ అంటే?" అని అడిగింది.

"గ్రీకులో నలుపు."

కాసేపు ఆలోచించింది. "అంటే చిన్నప్పటి రంగు చూసి పేరు పెట్టలేదన్నమాట. పెద్దయ్యాక ఉన్న రంగుతో పెట్టారు. అయితే జబ్బు కాదు."

"జబ్బు కాదు. దాని జవానీ అది."

ఏమీ అనలేదు. మున్షీ పుస్తకంలో రాసుకుంది. ఆ తర్వాత వారం మా సాస్ మళ్లీ "కాలీ పడ్‌గయీ" అంటుంటే, "దాదీ, వో కాలీచ్ హై. పెహ్లే బచ్చీ థీ, బస్" అని చెప్పి స్కూలుకు పోయింది. మా సాస్ నా వైపు చూసింది. నేను టిఫిన్ డబ్బా మూత పెడుతూ ఉండిపోయాను.

రంగు చూసి మోసపోయింది మేం ఒక్కళ్లమే కాదని తర్వాత చదివి కాస్త తసల్లీ కలిగింది. పెద్ద పెద్ద ఆలిమ్‌లూ పడ్డారు ఆ గుంటలో. ఎంపరర్ ఏంజెల్ అనే చేప ఉంది. పెద్దదానికి నీలం, పసుపు చారలు. పిల్లకు ముదురు నీలం మీద తెల్లని గుండ్రాలు, ఒకదానిలో ఒకటి. బెర్లిన్‌లో బ్లోచ్ అనే హకీమ్ 1787లో పెద్దదానికి ఇంపరేటర్ అని పేరు పెట్టాడు. ఆయన పోయాక ష్నైడర్ అనే పండితుడు పూర్తి చేసి 1801లో అచ్చు వేసిన కితాబులో అదే చేప పిల్లకు, మన నికోబార్ దీవుల పేరు మీద నికోబారియెన్సిస్ అని వేరే పేరు పడింది. తల్లి ఒక జాతి, బిడ్డ ఇంకో జాతి అయిపోయారు కాగితం మీద. పిల్లల రంగు వేరుగా ఉండటానికి ఒక వజా చెబుతారు. పెద్ద చేపలు తమ రంగు ఉన్నవాణ్ణి రఖీబ్ అనుకుని తరుముతాయట. వేరే రంగులో ఉన్న పిల్లను పట్టించుకోవట. బచ్‌పన్ రంగు అంటే ఎదిగే దాకా కప్పుకునే చాదర్ అన్నమాట.

ఇంకో సంగతి మా విశాఖ గురించి. కంపెనీ కాలంలో పాట్రిక్ రస్సెల్ అనే డాక్టర్ అక్కడ ఉండేవాడు. అంతకు ముందు హలబ్‌లో, అంటే సిరియాలోని అలెప్పోలో, వైద్యం చేసినవాడు. రక్తపింజరిని ఇంగ్లీషు వాళ్లు పిలిచేది ఈయన పేరుతోనే. విశాఖ తీరంలో దొరికిన రెండు వందల చేపలకు బొమ్మలు వేయించి 1803లో లండన్‌లో అచ్చు వేశాడు. ఆయన చేసిన ఒక పని నాకు బాగా నచ్చింది. బెస్తవాళ్లు ఏ చేపను ఏమని పిలిచేవారో అడిగి, ఆ తెలుగు పేర్లే ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నాడు. అందులో నల్లచారల డామ్సెల్ ఒకటి ఉంది, రాహ్తి పోతా అనే పేరుతో. నాకైతే అది 'రాతి' అన్న మాటే అనిపిస్తుంది, రాళ్లను వదలని చేప కదా. తర్వాత క్యూవియే ఆ మాటనే పట్టుకుని చేపకు రాహ్తి అని లాటిన్ పేరు పెట్టాడు. మా తమ్ముడు చిన్నప్పుడు చేతులు పెట్టిన ఆ రాళ్ల గుంటల చేపను బెస్తవాళ్లు రంగుతో పిలవలేదు, అది ఉండే చోటుతో పిలిచారు. మేం చేయనిది వాళ్లు చేశారు.

పేరు తెలిశాక ఇల్జామ్ కూడా తగ్గింది. అప్పటిదాకా చాంద్‌నీ బద్మాష్, జాలిమ్. ఇప్పుడు అది తన రిజ్‌ఖ్ తింటున్న ఒక చేప. దాన్ని తినకూడని చోట పెట్టింది మేం. క్లౌన్ చేపల్ని తరమడమూ అంతే. డామ్సెల్‌లకు తమ హద్దు తమది. ఈ ఖాందాన్‌లో గుడ్లకు కాపలా కాసేది తండ్రి. అంత కాపలా బుద్ధి ఉన్నవాడికి హద్దు దగ్గర కోపం రాదా?

అయినా దాన్ని అక్కడ ఉంచలేం. పగడాలు తమ్ముడివి. పట్టుకోవాలి. వలతో ప్రయత్నించాం. రాళ్ల మధ్య దూరిన డామ్సెల్‌ను వలతో పట్టడం అంటే చార్మినార్ దగ్గర ఈద్ ముందు రాత్రి తప్పిపోయిన పిల్లాణ్ణి వెతకడమే. నీళ్లు కలిగాయి, ఒక రాయి జారింది, క్లౌన్‌లు బెదిరాయి. చాంద్‌నీ మాత్రం దొరకలేదు. అప్పుడు బిస్కెట్లు పోసుకునే వెడల్పు మూతి ప్లాస్టిక్ జాడీని బాగా కడిగి ట్యాంకులో అడ్డంగా పడుకోబెట్టాం. రోజూ తిండి అందులోనే వేశాం. మొదటి రోజు దూరంగా నిలబడింది. రెండో రోజు మూతి దాకా వచ్చింది. నాలుగో రోజు లోపలికి వెళ్లి తింటుంటే, అమ్మాయి గుప్పెడు వలను మూతికి అడ్డం పెట్టింది. సబర్ చేసే పని వల చేయలేదు.

ఇక ఎక్కడికి? సముద్రంలో వదిలేద్దామా అని మా వారు అడిగారు. తమ్ముడు గట్టిగా వద్దన్నాడు. ఎక్కడి చేపో తెలియదు, ట్యాంకు రోగాలు ఏం మోసుకుపోతుందో తెలియదు, ఇంట్లో పెరిగినదాన్ని సముద్రంలో వదలడం రహమ్ కాదన్నాడు. తిరిగి దుకాణానికి ఇచ్చేస్తే అదే గాజు అరలోకి, అదే 'డామ్సెల్, గట్టి రకం' అన్న పేరుతో. అది కూడా మనసొప్పలేదు.

దుకాణదారుకు మొత్తం కిస్సా చెప్పాను. కోప్పడతాడేమో అనుకున్నాను. ఆయన నెత్తి గోక్కుని, "మాకు పెట్టె మీద మిక్స్ డామ్సెల్ అనే రాసి వస్తుంది మేడమ్. అందులో ఏముందో మాకూ తెలియదు" అన్నాడు. అబద్ధం ఆడలేదు పాపం. ఆయనే ఒక పెద్దాయన దగ్గరికి పంపాడు. ఆయన ఇంట్లో ఆరడుగుల ట్యాంకు, పగడాలు లేవు, అన్నీ పెద్ద గట్టి చేపలే.

తీసుకెళ్లే రోజు, నీళ్లు నింపిన కవరు మీద అంటించడానికి అమ్మాయి ఒక చీటీ రాసింది. తెలుగులోనే రాసింది:

"పేరు: నియోగ్లిఫిడోడాన్ మెలాస్. చిన్నప్పుడు తెల్లగా ఉండేది. ఇప్పుడు నల్లగా ఉంది. జబ్బు కాదు, మందు వేయకండి. మెత్తని పగడాలు తింటుంది. జాగా ఎక్కువ కావాలి. మేం చాంద్‌నీ అని పిలిచేవాళ్లం."

ఇంకో చీటీ కూడా రాసి దుకాణంలో ఇచ్చింది, ఇలాంటి పిల్ల మళ్లీ వస్తే గాజు మీద అంటించమని. అంటించాడో లేదో నేను వెళ్లి చూడలేదు. ఇన్షాఅల్లాహ్ చూస్తాను.

మీ ఇళ్లలోనూ పిల్లలు ఇలాంటి చేప కోసం జిద్ చేస్తుంటే ఒక్క మాట. పిల్ల చేపను చూసి మనసు పారేసుకోకండి, అది పెద్దయ్యాక ఎలా ఉంటుందో ఫోటో చూపించమని అడగండి. ఎంత పెరుగుతుందో, ఏం తింటుందో అడగండి. దుకాణంలో చెప్పలేకపోతే ఆ రోజుకు ఖాళీ చేతులతో ఇంటికి రండి. నష్టమేం లేదు.

లెదర్ కోరల్ మళ్లీ విచ్చుకుంది. అంచున కొరికిన చోట ఇంకా గాటు కనిపిస్తుంది. తమ్ముడికి ప్రతి జుమ్మా ఫోటో పంపిస్తున్నాను, గాటు కనిపించేలాగే. మొన్న మాఫీ అడిగితే, "ఆపా, ఆ దుకాణంలో నేనున్నా అదే కొనేవాణ్ణి" అన్నాడు.

రెండు నెలల తర్వాత మేం ముగ్గురం, నేనూ అమ్మాయీ మా సాసూ, పెద్దాయన ఇంటికి వెళ్లాం. చాంద్‌నీ ఒక రాతి గూటి ముందు కాపలా కాస్తోంది. ఒక్క తెల్ల మచ్చ లేదు. దీపం కింద తిరిగినప్పుడు ఆ నలుపులో లోతుగా ఒక నీలం మెరుస్తోంది. మా సాస్ కళ్లద్దాలు పెట్టుకుని, చాలాసేపు చూసి, "మఖ్మల్ జైసీ హై రే" అంది.

అమ్మాయి ఆమె చేయి పట్టుకుంది.